తీసేసిన రంగు మిగిల్చే గుర్తులు: తెర మీద ఎరేజర్ ఎందుకు తేలిపోతుంది?

ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియంలో డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1628 ప్రాంతంలో, ఇరవయ్యేళ్లు దాటిన కొత్తలో వేసుకున్న చిన్న స్వీయచిత్రం ఉంది. అందులో ముఖం చాలావరకు నీడలోనే ఉంటుంది. వెలుతురు చెంప అంచునూ మెడనూ తాకి ఆగిపోతుంది. ఆ వెలుతురులో మెరిసే జుట్టు ఉంగరాలను ఆయన రంగు పూసి రప్పించలేదు. పూత తడిగా ఉండగానే కుంచెను తిరగేసి, పిడి మొనతో గీకారు. పై రంగు తప్పుకున్న చోట కింది లేత పూత బయటపడింది. ఆ గీతలే వెంట్రుకలయ్యాయి.

ఇదే పనిని డిజిటల్ చిత్రలేఖన సాఫ్ట్‌వేర్‌లో చేసి చూడండి. కింద లేత రంగు లేయర్, పైన ముదురు రంగు లేయర్ పెట్టి, సన్నని ఎరేజర్‌తో పై లేయర్‌ను గీస్తే వచ్చేది వెంట్రుకలా ఉండదు, తీగలా ఉంటుంది. మొదటి నుంచి చివరి దాకా ఒకే వెడల్పు, ఒకే తెలుపు, కత్తిరించినట్టున్న అంచులు. కొత్తగా తెర మీద బొమ్మలు వేస్తున్నవారిలో చాలామంది ఇక్కడే తికమకపడతారు. రంగు పూసే బ్రష్‌లు అంత సహజంగా ఉన్నప్పుడు, రంగు తీసే పరికరం ఎందుకింత నిర్జీవంగా ఉంది?

నా అభిప్రాయంలో దీనికి కారణం ఒకటే. సాఫ్ట్‌వేర్‌లో చెరపడం అంటే ఒక అంకెను తగ్గించడం. స్టూడియోలో రంగు తీయడం అంటే పనిముట్టు, రంగు, దాని కిందున్న తలం, ఈ మూడింటి మధ్య జరిగే పెనుగులాట. ఆ పెనుగులాటలో రంగు పూర్తిగా పోదు. కొంత పక్కకు జరుగుతుంది, కొంత ఇంకుతుంది, కొంత మొండికేసి అక్కడే ఉంటుంది. కంటికి నచ్చేది ఆ మిగులే. తెర మీద దాన్ని రప్పించాలంటే, అది అసలు ఎలా పుడుతుందో ముందు తెలియాలి.

రెండు లోకాలూ కలగాపులగం కాకుండా, ఈ వ్యాసంలో చేత్తో పట్టుకునేదాన్ని కుంచె అనీ తెర మీది దాన్ని బ్రష్ అనీ రాస్తున్నాను. అలాగే నిజమైన రంగు పొర పూత, సాఫ్ట్‌వేర్ పొర లేయర్.

దున్నడం, ఈడ్వడం, పైకి లాగడం

రంగు తీసే పద్ధతులకు పేర్లు చాలా ఉన్నాయి. చేతి కదలికను బట్టి చూస్తే మాత్రం అవి మూడు కుదుళ్లలో ఇమిడిపోతాయి.

మొదటిది దున్నడం. స్గ్రఫీటో అనే ఇటాలియన్ మాటకు మూలం గీకడం అనే క్రియే. రినైసాన్స్ కాలపు ఇటలీలో భవనాల ముందు గోడలకు ముదురు గచ్చు వేసి, దాని మీద లేత పూత వేసి, అది ఆరిపోకముందే పై పూతను గీకి బొమ్మలు తేల్చేవారు. రెంబ్రాంట్ తైలవర్ణంలో చేసిందీ అదే. స్క్రాచ్‌బోర్డులో తెల్లని బంకమట్టి పూత మీద నల్ల సిరా ఉంటుంది, గీకిన చోటల్లా తెలుపు కనిపిస్తుంది. చిత్రకారుడు మాక్స్ ఎర్నెస్ట్ 1920ల చివర్లో చేపట్టిన గ్రటాజ్ దీనికి తోబుట్టువు. రంగు పట్టించిన కాన్వాస్ కింద గరుకైన వస్తువులు పెట్టి పైన గీకితే, ఎత్తుగా లేచిన చోట్ల రంగు పోయి ఆ వస్తువుల ఆకారాలు బయటపడతాయి.

రెండోది ఈడ్వడం, అంటే గుడ్డతోనో వేలితోనో తుడవడం. తలం మొత్తానికి ఒకే ముదురు రంగు పట్టించి, వెలుగు కావలసిన చోట తుడుచుకుంటూ పోతారు. ఫ్రెంచ్ చిత్రకారుడు దెగా 1870ల నుంచి చేసిన మోనోటైపుల్లో కొన్ని ఇలాంటివే. లోహపు పలక అంతటికీ సిరా పులిమి, గుడ్డతో, వేళ్లతో, కుంచె పిడితో సిరా తీస్తూ చీకట్లోంచి మనుషులను బయటికి తెచ్చి, ఆ పలకను కాగితం మీద అచ్చు తీశారు. ఆ అచ్చుల్లో గుడ్డ ఎటు కదిలిందో ఇప్పటికీ కనిపిస్తుంది.

మూడోది పైకి లాగడం. నీటిరంగు ఆరాక తడి కుంచెతో దాన్ని మళ్లీ కదిలించి, అద్దుడు కాగితంతో పీల్చేస్తారు. తైలవర్ణంలో దీనికి సమానమైన పనికి టాంకింగ్ అని పేరు. లండన్‌లోని స్లేడ్ కళాశాలలో బోధించిన హెన్రీ టాంక్స్ పేరు మీదుగా వచ్చిన మాట ఇది. ఆయన చిత్రకారుడు కాకముందు శస్త్రవైద్యుడు. చిక్కబడిన తడి పూత మీద న్యూస్‌పేపర్ పరిచి, అరచేత్తో రాసి, ఒలిచేస్తే అదనపు రంగూ నూనే కాగితానికి అంటుకుని వచ్చేస్తాయి. మిగిలిన చిత్రం పలచగా, మచ్చలు మచ్చలుగా, మళ్లీ రంగు వేయడానికి అనువుగా ఉంటుంది.

ఉప్పు, ఆల్కహాలు వేరే కోవ. తడి నీటిరంగు మీద ఉప్పు పలుకులు చల్లితే అవి నీటిని తమవైపు గుంజుకుని, చుట్టూ లేత చుక్కలు పూయిస్తాయి. ఆల్కహాలు చుక్క తలతన్యతను తగ్గిస్తుంది కాబట్టి రంగు అక్కడి నుంచి పక్కకు పారిపోయి అంచున గుమిగూడుతుంది. ఇక్కడ తీసే చెయ్యి మనది కాదు, పదార్థానిదే.

తెర మీద పని చేసేటప్పుడు ఈ తేడా చాలా అక్కరకొస్తుంది. తడి పూతను దున్నిన గుర్తుకు గట్లు ఉండాలి. ఈడ్చిన గుర్తుకు దిశ ఉండాలి. పైకి లాగిన గుర్తుకు దిశ ఉండకూడదు, మచ్చలే ఉండాలి. అన్నిటికీ ఒకే ఎరేజర్ వాడినప్పుడు బొమ్మ తేలిపోవడానికి సగం కారణం ఇక్కడే ఉంది.

స్టూడియోలో రంగు ఎందుకు పూర్తిగా పోదు

నీటిరంగులో వర్ణకపు (రంగునిచ్చే పొడి) రేణువులను పట్టి ఉంచేది గమ్ అరబిక్ అనే చెట్టు బంక. అది ఆరిన తర్వాత కూడా నీటిలో కరుగుతుంది కాబట్టే రంగును మళ్లీ లేపగలుగుతున్నాం. కానీ రేణువులన్నీ ఒకేలా లేవవు. థాలో నీలం రేణువులు అతి సూక్ష్మం. అవి కాగితపు నారలోకి దిగి మరకగా మిగిలిపోతాయి. కోబాల్ట్ నీలం తేలిగ్గా లేస్తుంది. కాగితానికి పట్టించిన జెలటిన్ పూత బలంగా ఉంటే రంగు పైపైనే ఉండి త్వరగా వస్తుంది, పలచగా ఉంటే లోపలికి ఇంకిపోతుంది.

తైలవర్ణం ఆరడం అంటే నీరు ఆవిరి కావడం కాదు. నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది, దానికి రోజులూ ఒక్కోసారి వారాలూ పడుతుంది. అందుకే తుడవడానికి, గీకడానికి బోలెడు వ్యవధి దొరుకుతుంది. ఆక్రిలిక్ అలా కాదు. నీరు పోగానే ప్లాస్టిక్ పొరగా బిగుసుకుంటుంది, ఆ తర్వాత నీరు దాన్ని కదిలించలేదు. అంటే రంగు తీసిన గుర్తులో కాలం కూడా ఉంటుంది. తడిలో గీకితే మెత్తని చాలు పడుతుంది. సగం ఆరాక గీకితే రంగు ముద్దలుగా లేస్తుంది. పూర్తిగా ఆరాక గీకితే పెచ్చులు ఊడతాయి. చూసే కన్ను ఈ మూడింటినీ పేరు తెలియకపోయినా గుర్తుపడుతుంది.

రంగు ఎంత మొండిదో చెప్పడానికి 1953 నాటి ఉదంతం ఒకటి చాలు. చిత్రకారుడు రాబర్ట్ రౌషెన్‌బర్గ్, మరో చిత్రకారుడు విల్లెమ్ డి కూనింగ్‌ను అడిగి ఆయన గీసిన బొమ్మ ఒకటి తీసుకుని, దాన్ని రబ్బరుతో చెరిపి ఆ కాగితాన్నే కళాఖండంగా నిలిపారు. ఎంతో శ్రమపడి చెరిపినా ఆనవాళ్లు మిగిలాయి. 2010లో పరారుణ కిరణాలతో తీసిన చిత్రాలను మెరుగుపరిస్తే పాత గీతలు మళ్లీ కనిపించాయి.

ఎరేజర్ లోపల జరిగే లెక్క

డిజిటల్ చిత్రంలో ప్రతి పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలతో పాటు ఆల్ఫా అనే నాలుగో విలువ కూడా ఉంటుంది. ఆ చుక్క ఎంత దట్టంగా ఉందో అది చెబుతుంది. 1 అయితే కింది లేయర్ అసలు కనపడదు, 0 అయితే పై లేయర్ లేనట్టే. లేయర్లను ఈ విలువలతో ఒకదానిమీద ఒకటి కలిపే సూత్రాలను థామస్ పోర్టర్, టామ్ డఫ్ 1984లో ఒక పద్ధతిలో పెట్టారు. ఇవాళ్టి చిత్రలేఖన సాఫ్ట్‌వేర్లు ఆ పునాది మీదే నిలబడ్డాయి. సూత్రం సులువైనదే: కంటికి కనిపించే రంగు = పై రంగు × ఆల్ఫా + కింది రంగు × (1 − ఆల్ఫా).

ఎరేజర్ చేసేది ఆల్ఫాను తగ్గించడం, అంతే. 50 శాతం బలంతో ఒకసారి గీస్తే 1 కాస్తా 0.5 అవుతుంది. రెండోసారి 0.25, మూడోసారి 0.125. దానికి వర్ణకం తెలియదు, కాగితం తెలియదు, తడి తెలియదు. తీసిన రంగు ఎటు పోయిందన్న ప్రశ్నే దానికి లేదు. గుడ్డతో తుడిస్తే రంగు గుడ్డకు అంటుకుని, తర్వాతి తుడుపులో మరోచోటికి చేరుతుంది. ఎరేజర్ ఎన్నిసార్లు రాసినా మొదటిసారి ఎంత శుభ్రంగా ఉందో అంత శుభ్రంగానే ఉంటుంది.

తెర మీద కూడా రంగు మొండికేసే సందర్భం ఒకటి ఉంది. కానీ అది మనకు కావలసిన మొండితనం కాదు. ఆల్ఫా విలువలను 0–1కి బదులు 0 నుంచి 255 వరకు పూర్ణాంకాలుగానే దాచుకుంటూ, దగ్గరి అంకెకు సవరించే ఏర్పాటును ఊహించండి. 1 శాతం బలమున్న ఎరేజర్‌తో పదే పదే రుద్దితే, విలువ 50 దగ్గరికి వచ్చాక 50లో ఒక శాతం 0.5 కాబట్టి 49.5 మళ్లీ 50కే సవరణ అవుతుంది. ఇక ఎంత రుద్దినా కదలదు. అక్కడ పలచని మసక ఒకటి మిగులుతుంది. అది కాగితం గరుకును బట్టి కాకుండా అంతటా ఒకే మందంలో ఉంటుంది కాబట్టి మురికిలాగే కనిపిస్తుంది. 16 బిట్ల లోతులో, అంటే 255కు బదులు వేల మెట్లతో, పని చేస్తే ఈ చిక్కు దాదాపు పోతుంది.

మెరకలు, పల్లాలు: ఒకే సగటు, రెండు రూపాలు

ఇప్పుడు అసలు విషయం. కాన్వాస్ గానీ కాగితం గానీ చదునుగా ఉండదు, సూక్ష్మంగా చూస్తే అంతా మెరకలూ పల్లాలే. పొడికుంచెతో రాస్తే రంగు మెరకలకే తగులుతుంది. పలచని నీటిరంగు పారిస్తే, నీరు పల్లమెరుగు అన్నట్టు, రేణువులు పల్లాల్లో పేరుకుంటాయి. గుడ్డతో తుడిస్తే మెరకల మీది రంగు పోతుంది, పల్లాల్లోది ఉండిపోతుంది. గరుకు కాగితంతో రుద్దినా అంతే. తుడుపుకు అందం తెచ్చేది ఈ పల్లాల్లో దాగిన రంగే.

అంకెలతో చూద్దాం. పై లేయర్ ఇటుక రంగు, విలువలు (150, 60, 30). కింది లేయర్ పసుపు, విలువలు (240, 200, 90). మామూలు మెత్తని ఎరేజర్‌తో 70 శాతం తీస్తే ఆల్ఫా అంతటా 0.3 అవుతుంది. సూత్రంలో పెడితే ప్రతి పిక్సెల్ (213, 158, 72). ఒకే రకమైన నారింజ ఛాయ, ఇస్త్రీ చేసినట్టు చదునుగా.

ఇప్పుడు అదే 70 శాతాన్ని గరుకు ప్రకారం పంచుదాం. మెరక మీద మొత్తం 100 శాతం, వాలు మీద 80 శాతం, పల్లంలో 30 శాతం తీశామనుకోండి. మూడింటి సగటు 70. మెరక మీద కనిపించేది అచ్చమైన పసుపు, (240, 200, 90). వాలు మీద (222, 172, 78). పల్లంలో (177, 102, 48), ఇటుక రంగుకు బాగా దగ్గర. ఈ మూడింటి సగటు తీయండి: (213, 158, 72). అక్షరాలా మొదటి రంగే! దూరం నుంచి చూస్తే రెండూ ఒకే ఛాయ. దగ్గరికి వస్తే ఒకటి చదును, రెండోది నేత. ఈ లెక్క మొదటిసారి వేసి చూసుకున్నప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంకా గుర్తుంది. తీసిన మొత్తంలో కాదు, దాన్ని పంచిన తీరులో ఉంది తేడా అంతా.

దీన్ని సాధ్యం చేసే ఏర్పాటు చాలా సాఫ్ట్‌వేర్లలో ఇప్పటికే ఉంది. క్రితలో E అక్షరపు మీట నొక్కితే చేతిలో ఉన్న ఏ బ్రష్ అయినా ఎరేజర్‌గా మారుతుంది. ప్రొక్రియేట్‌లో ఎరేజర్‌కు కూడా మొత్తం బ్రష్‌ల భాండాగారం అందుబాటులో ఉంటుంది. క్లిప్ స్టూడియోలో రంగుకు బదులు పారదర్శకతనే రంగుగా ఎంచుకుని ఏ బ్రష్‌తోనైనా వేయవచ్చు. అంటే గరుకున్న బ్రష్ ఏదైనా గరుకున్న ఎరేజర్ కాగలదు.

చిక్కు మరోచోట ఉంది. ఆ గరుకు కాన్వాస్‌కు అతుక్కుని ఉందా, బ్రష్‌తో పాటు కదులుతోందా? ప్రొక్రియేట్‌లో ఈ రెండు స్వభావాలకూ వేర్వేరు అమరికలే ఉన్నాయి, టెక్స్చరైజ్డ్ మొదటిది, మూవింగ్ రెండోది. గరుకు కాన్వాస్‌కు అతుక్కుని ఉంటే ఎన్నిసార్లు తుడిచినా అవే మెరకలు తేలతాయి, అవే పల్లాలు నిలుస్తాయి. బ్రష్‌తో కదిలితే రెండో తుడుపు మొదటి తుడుపు మిగిల్చిన పల్లాలను కూడా తినేస్తుంది, నాలుగు తుడుపులయ్యేసరికి అంతా చదునైపోతుంది. మరో మెలిక కూడా ఉంది. మొదట నీటిరంగులా పల్లాల్లో రంగు నింపాలంటే అదే గరుకును తిరగేసి వాడాలి, తీసేటప్పుడు మామూలుగా ఉంచాలి. పూసేటప్పుడు ఒక గరుకు, తీసేటప్పుడు సంబంధం లేని ఇంకో గరుకు వాడితే, ఒకే కాగితం మీద రెండు నేతలు కనిపించి కన్ను అనుమానిస్తుంది.

ఒక్క గీత, మూడు భాగాలు

మళ్లీ రెంబ్రాంట్ జుట్టు దగ్గరికి వద్దాం. తడి పూతలో పిడి మొన కదిలినప్పుడు నాగలి నేలలో చేసే పనే చేస్తుంది. మధ్యలో చాలు పడుతుంది. తప్పుకున్న రంగు ఇరువైపులా గట్లుగా లేస్తుంది. మొన ఆగిన చోట నెట్టుకొచ్చిన రంగు చిన్న ముద్దగా నిలుస్తుంది. చాలు అడుగున కూడా అంతా శుభ్రంగా ఉండదు. ఒత్తిడి తగ్గిన చోట పై రంగు తాలూకు పలచని పొర కనిపిస్తుంది.

ఎరేజర్ గీతలో ఉన్నది చాలు మాత్రమే. గట్లు లేవు, ముద్ద లేదు. తీగలా కనిపించడం అందుకే. తెర మీద ఈ లోటు పూరించే దారులు రెండు. మొదటిది ఎత్తును నిజంగా లెక్కించే సాఫ్ట్‌వేర్. ఆర్ట్‌రేజ్, పెయింటర్ వంటి వాటిలో పూతకు రంగుతో పాటు మందం కూడా నమోదవుతుంది, దాని మీద ఒక దిశ నుంచి వెలుతురు పడుతున్నట్టు చూపిస్తారు. రెండోది కంటిని ఒప్పించే దారి. వెలుతురు ఎడమ పైభాగం నుంచి వస్తోందనుకుంటే, వాలుగా సాగే చాలుకు ఎడమ పైన ఉన్న గట్టు, వెలుతురు వైపు ముఖంలో మెరిసి, చాలు వైపు సన్నని నీడను పడేస్తుంది. కుడి కింద ఉన్న గట్టు చాలు వైపు ముఖంలోనే మెరుస్తుంది, నీడ బయటికి పడుతుంది. ఈ రెండు వెలుగు గీతలు, రెండు నీడ గీతలు పై రంగుకే కాస్త లేత, కాస్త ముదురు ఛాయలైతే చాలు. వాటిని గీత పొడవునా ఒకేలా లాగితే మళ్లీ యంత్రపు పని అవుతుంది. వంపు తిరిగే చోట బయటి గట్టు మందంగానూ లోపలి గట్టు సన్నగానూ ఉంటే చెయ్యి తిరిగిన ఆనవాలు కనిపిస్తుంది.

ఆరిన పూతను గీకినప్పుడు గట్లు లేవవు. అంచులు రంపపు పళ్లలా చిట్లుతాయి, అక్కడక్కడ చిన్న పెచ్చు అదనంగా ఊడుతుంది. ఇక్కడ మెత్తని అంచున్న ఎరేజర్ పూర్తిగా తప్పు. గట్టి అంచు, క్షణక్షణం మారే వెడల్పు కావాలి.

మరక ఎలా మిగులుతుంది

నీటిరంగును లేపినప్పుడు మరో సూక్ష్మం ఉంది. థాలో నీలం, పసుపు ఓకర్ (మట్టి పసుపు రంగు) కలిపి ఒక ఆకుపచ్చ వేశారనుకోండి. తడి కుంచెతో లేపితే ఓకర్ సులువుగా వచ్చేస్తుంది, నీలం కాగితాన్ని పట్టుకుని ఉండిపోతుంది. మిగిలే మరక లేత ఆకుపచ్చగా ఉండదు, నీలి ఛాయకు తిరుగుతుంది. తెర మీద ఆ ఆకుపచ్చకు తాను ఏ రెండింటి కలయికో తెలియదు, దానికున్నవి మూడు అంకెలే. ఎరేజర్‌తో సగం తీస్తే అదే ఆకుపచ్చ పలచబడుతుంది, రంగు మాత్రం మారదు.

అందుకే కొందరు చిత్రకారులు ఒకే రంగును రెండు లేయర్లుగా విడగొడతారు. కింద పలచని నీలి మరక, దాని మీద అసలు ఆకుపచ్చ. తీయడం పై లేయర్‌లోనే జరుగుతుంది కాబట్టి మరక తనంతట తానే బయటపడుతుంది. నీటిరంగు లేపిన చోటి అంచు కూడా గమనించదగ్గది. కదిలిన రంగు కొంత అంచుకు చేరి సన్నని ముదురు గీతగా ఆరుతుంది. మధ్యలో లేత, అంచున ముదురు. ఎరేజర్ వేసే మెత్తని మచ్చ సరిగ్గా దీనికి ఉల్టా: అంచు దగ్గర క్రమంగా కరిగిపోతుంది. ఆ ఒక్క ముదురు అంచు లేకపోతే లేపిన రంగు పొగమంచులా కనిపిస్తుందే తప్ప నీటి పనిలా కనిపించదు.

నీటిని లెక్కగట్టడమా, కంటిని ఒప్పించడమా

ఇక్కడ చిత్రకారుల్లోనూ సాఫ్ట్‌వేర్ నిర్మాతల్లోనూ నిజమైన అభిప్రాయభేదం ఉంది. రెండు పక్షాల వాదనలోనూ బలముంది.

పదార్థాన్నే లెక్కగట్టాలన్నది ఒక పక్షం. దీనికి గట్టి పునాది 1997లో పడింది. ఆ ఏడాది కంప్యూటర్ గ్రాఫిక్స్ సదస్సు సిగ్రాఫ్‌లో కాసిడీ కర్టిస్, ఆయన సహచరులు నీటిరంగుకు ఒక గణిత నమూనా చూపారు. అందులో నీటిరంగు మూడు అంతస్తులు: కాగితం మీద కదిలే పలచని నీరు, కాగితానికి పట్టుకున్న వర్ణకం, నారలోకి పీల్చుకున్న తేమ. ప్రతి వర్ణకానికీ అది ఎంత మొండిగా మరక పడుతుంది, ఎంతగా పల్లాల్లో పేరుకుంటుంది అనే విలువలు విడిగా ఉంటాయి. వర్ణకం నీటిలోంచి కాగితానికి దిగడమే కాదు, కాగితం నుంచి మళ్లీ నీటిలోకి లేవడం కూడా ఆ లెక్కలో భాగమే. అంటే రంగు లేపడం అందులో సహజంగానే ఉంది. పూతల మీద పూతలు ఎలా కనిపిస్తాయో తేల్చడానికి వారు 1931 నాటి కుబెల్కా–ముంక్ సిద్ధాంతాన్ని వాడుకున్నారు. రెబెల్ వంటి సాఫ్ట్‌వేర్లలో తెర మీది నీరు పారడం, ఇంకడం, ఆరడం చూస్తే ఆ ఆలోచన ఎంత దూరం వచ్చిందో తెలుస్తుంది. ఈ పక్షం చెప్పే మాట సబబైనదే: పదార్థం తన పని తాను చేసుకుపోతే మనం ఊహించని గుర్తులు పుడతాయి, చిత్రకారుడు వాటికి స్పందించగలడు. ఉప్పు చల్లి ఎదురుచూడటంలో ఉన్న ఉత్కంఠ ముందే తయారైన ఉప్పు బ్రష్‌లో ఉండదు.

రెండో పక్షం దృష్టి ఫలితం మీద ఉంటుంది. చూసేవారికి చేరేది బొమ్మ, గణితం కాదు. అనుకరణ ఎంత సూక్ష్మమైతే కంప్యూటర్ మీద భారం అంత పెరుగుతుంది, పెద్ద కాన్వాస్ మీద చెయ్యి వేగాన్ని యంత్రం అందుకోలేకపోతుంది. పైగా నీరు మాట వినకపోవడం కాగితం మీద తప్పదు, తెర మీద దాన్ని కోరి తెచ్చుకోవడమెందుకు? గరుకున్న ఎరేజర్, మాస్క్ (లేయర్‌ను చెరపకుండానే దాచే పటం), రెండు మూడు లేయర్లతో కావలసిన చోట కావలసిన గుర్తు రప్పించవచ్చు. ఈ దారిలో చాలామంది నిజమైన కాగితం మీద గుడ్డతో తుడిచి, గీకి, అద్ది, ఆ గుర్తులను స్కాన్ చేసి బ్రష్‌లుగా మలుచుకుంటారు. అందులో పదార్థపు నిజాయతీ కొంత ఉంటుంది. దాని బలహీనత పునరుక్తి. ఒకే గుడ్డ ముద్రను ఇరవైసార్లు అద్దితే ఆరో ఏడో ముద్రకే కన్ను పసిగట్టేస్తుంది. ముద్రను ప్రతిసారీ తిప్పి, పరిమాణం మార్చి, ఒక అంచును వేరే బ్రష్‌తో చెడగొడితే తప్ప దాగదు.

నా మొగ్గు ఎటంటే, నీటి పనికి మొదటి దారి, గీకుడు పనికి రెండో దారి. నీరు చేసే పనిని చేత్తో కల్పించడం చాలా కష్టం. గీత మాత్రం చెయ్యి చేసే పని, దాన్ని చెయ్యే బాగా కల్పించగలదు.

మాస్క్ వెనక ఉన్న పేచీ

నేరుగా చెరిపితే పోయిన పిక్సెల్ పోయినట్టే. మాస్క్ వాడితే లేయర్ చెక్కుచెదరదు. దాని మీద పరిచిన నలుపు తెలుపు పటం ఎక్కడ కనిపించాలో ఎక్కడ దాగాలో నిర్ణయిస్తుంది. నలుపు వేస్తే దాగుతుంది, తెలుపు వేస్తే తిరిగి వస్తుంది. దెగా పలకకు ఇది విచిత్రంగా దగ్గరి బంధువు: ముదురు లేయర్ పూర్తిగా కప్పి ఉండగా మాస్క్ మీద నలుపుతో తుడుచుకుంటూ వెలుగును తీయవచ్చు. పైగా తీసిన రంగును మళ్లీ అదే చోట, అదే గరుకుతో వెనక్కి తేవచ్చు. కాగితం మీద ఎవరికీ సాధ్యం కానిది ఇది.

నేరుగా చెరపడమే మేలనేవారి మాటలోనూ అర్థముంది. వెనక్కి తేగలనన్న ధీమా ఉంటే చెయ్యి జంకుతూ, సవరిస్తూ, పదేపదే రుద్దుతూ పోతుంది. ఆ తడబాటు గుర్తులో కనిపిస్తుంది. రెంబ్రాంట్ గీతలో ఉన్న తెగువ రెండో అవకాశం లేని చేతిది. అయితే అనుభవం ఉన్నవారు మాస్క్ మీద కూడా ఒక్క ఊపులో గీయగలరు, అనుభవం లేనివారు నేరుగా చెరిపినా జంకగలరు. కాబట్టి ఈ పేచీ పరికరాలది కాదు, అలవాట్లది. చిత్రం మారే అవకాశమున్న పనికి మాస్క్, అధ్యయనానికి నేరుగా చెరపడం అనే సర్దుబాటు నాకు సబబుగా అనిపిస్తుంది.

గరుకు ఎంత పెద్దగా ఉండాలి

ఎంతో శ్రమపడి తెచ్చిన గుర్తులు చివరికి కనపడకుండా పోవడానికి ఒక మామూలు కారణం ఉంది: కొలత. అంగుళానికి 300 పిక్సెల్‌ల చొప్పున అచ్చు వేయబోయే బొమ్మలో సెంటీమీటరుకు దాదాపు 118 పిక్సెల్‌లు ఉంటాయి. సెంటీమీటరుకు 15 పోగులున్న కాన్వాస్ నేతను చూపాలంటే ఒక్కో పోగుకు సుమారు 8 పిక్సెల్‌లు వస్తాయి. మెరక, వాలు, పల్లం, మళ్లీ వాలు చూపడానికి అవి సరిపోతాయి. అదే బొమ్మను నాలుగో వంతు పరిమాణానికి కుదించి తెర మీద చూపితే పోగుకు మిగిలేవి 2 పిక్సెల్‌లే. అప్పుడు పైన మనం వేసిన సగటు లెక్క నిజంగానే జరిగిపోతుంది. మెరకా పల్లమూ కలిసిపోయి చదునైన (213, 158, 72) మిగులుతుంది, లేదంటే లేని చారలు పుడతాయి.

అందువల్ల ప్రధానంగా తెర మీదే చూడబోయే బొమ్మకు గరుకును నిజమైన కాన్వాస్ కంటే రెండు మూడు రెట్లు పెద్దగా తీసుకునేవారు ఉన్నారు. అచ్చు కోసం వేసేవారు దాన్ని అసలు కొలతలోనే ఉంచుతారు. రెండింటికీ పనికి రావాలంటే గుర్తులు రెండు స్థాయుల్లో ఉండాలి: దగ్గరగా చూసేవారి కోసం పల్లాల్లో మిగిలిన రంగు, దూరంగా చూసేవారి కోసం గుడ్డ ఈడ్చిన పెద్ద చారలు, ఒలిచిన కాగితం మిగిల్చిన మచ్చలు. తుడిచిన చోటును నాలుగో వంతుకు కుదించి చూస్తే ఆ పెద్ద చారలు ఉన్నాయో లేదో అక్కడికక్కడే తెలిసిపోతుంది.